నీలం గుడ్డ సంచి

మాస్టరుగారి భార్య నడుముకి వేలాడే నీలం గుడ్డ సంచిలో ఏముందో తెలుసుకోవాలని ఆ వీధి వీధంతా కొన్నాళ్లు తహతహలాడిపోయింది. అరచేతిలో ఇమిడిపోయేంత సంచి. మూతికి దారం, దారానికి ముడి. కాజాలు కుడుతున్నా, టీ పోస్తున్నా, మెట్లెక్కుతున్నా ఆవిడ ఎడమచెయ్యి మధ్యమధ్యలో దాని మీదికి వెళ్లి వచ్చేది. బంగారం అయివుంటుందని ఎదుటి చెప్పుల షాపాయన అన్నాడు. బీరువా తాళంచెవి అని పక్కింటావిడ తేల్చేసింది. బంగారమూ కాదు, తాళంచెవీ కాదు. ఆ వీధిలో సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే, ఆవిడా, ఆవిడ మొగుడూ, ఆవిడ తమ్ముడూ. ఆ తమ్ముడి నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటివాడు కూడా ఈ ఒక్క విషయంలో పెదవి విప్పలేదంటే కారణం ఉంది.

మాస్టరుని పేరు పెట్టి పిలిచేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. పాఠాలు చెప్పే మాస్టరు కాదు, కోట్లు కోసే కటింగ్ మాస్టరు. మేడమెట్ల పక్కన ఇరుకు షాపు. ముందు గాజు తలుపు, దాని వెనక నిలబడి కోసే ఎత్తు బల్ల, బల్ల నిండా సుద్ద మరకలు, ఆ వెనక కుట్టుమిషన్లు, ఇస్త్రీ బల్ల, ఓ మూల పరదా చాటున నిలువుటద్దం. బల్ల దగ్గర నిలబడితే వీధిలో పోయే జనం భుజాలు కనపడతాయి. మాస్టరుకి అంతకు మించిన వినోదం లేదు.

"అదిగో, ఆ పెద్దమనిషిని చూడండి. కుడిభుజం దిగింది. రెడీమేడ్ కోటు తొడుక్కుని రాజాలా నడుస్తున్నాడు. మెడ వెనక గుడ్డ గోనెసంచిలా లేచింది, చూసుకున్నాడా పాపం!" అని నవ్వేవాడు.

ఏ మనిషికీ రెండు భుజాలూ సమానంగా ఉండవన్నది ఆయన సిద్ధాంతం. అందరికీ సరిపోయేలా కుట్టామంటే ఎవరికీ కుట్టలేదన్నమాటే. ఈ సిద్ధాంతం కోట్లతో ఆగితే బాగుండేది. కొత్త చెప్పులు కొంటే ఇంటికి తెచ్చి ఒక కుట్టు విప్పి మళ్లీ వేసుకునేదాకా ఆయనకి తోచదు. గొడుగు పిడి పొడవైందని కోసేశాడు. కళ్లజోడు కాడలు తనే వంచుకున్నాడు. ఎవరో తయారుచేసి ఇచ్చిన కొలతని ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం ఆయన ఒంట్లో లేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. అసలు గొడవంతా దీనితోనే వచ్చింది.

భార్య కాజాలు కుట్టేది, చేత్తో. ఆవిడ వేసిన కాజా, కోటు చిరిగినా చిరగదని పేరు. తమ్ముడు మిషను తొక్కుతాడు, ఇస్త్రీ చేస్తాడు, ఆ రెండు పనులూ చేస్తూ మాట్లాడుతూనే ఉంటాడు. అందుకే అతనికి రేడియో అని పేరొచ్చింది. పెట్టింది బావే.

పెళ్లయిన కొత్తలో మాస్టరు భార్యకి ఒక మాటిచ్చాడు. "నీకో కోటు కుడతానే. ఈ వీధిలో ఎవ్వరికీ లేనిది." ఏళ్లు గడిచాయి, వేరేవాళ్ల కోట్లు లెక్కలేనన్ని వెళ్లిపోయాయి. ఆవిడ గుర్తుచేసినప్పుడల్లా "వచ్చే సీజను" అనేవాడు. "మీ మాట కచ్చా కుట్టండీ, పక్కా ఎప్పుడవుతుందో!" అని ఆవిడ నవ్వేది. కచ్చా కుట్టంటే, అసలు కుట్టు పడేదాకా గుడ్డ జరగకుండా తెల్లదారంతో వేసే వదులు కుట్టు. అసలు కుట్టు పడ్డాక దాన్ని తీసేస్తారు. చివరికి ఒకనాడు ఆవిడే విసుగొచ్చి గుడ్డల షాపుకి వెళ్లి ముదురు నీలం ఉన్నిగుడ్డ ఎంచుకుని తెచ్చింది. ఒకవైపు నునుపు, రెండోవైపు నూగు. తెచ్చి పై అరలో పెట్టి, "ఇక మీ ఇష్టం" అంది.

సరిగ్గా ఆ తరవాతే మాస్టరు మారిపోయాడు. ఏమైందని అడిగితే ఏమీ కాలేదు. ఎవరూ పోలేదు, ఎవరూ మోసం చేయలేదు, గిరాకీ తగ్గలేదు. నవ్వు ముందు పోయింది. తరవాత ఆకలి పోయింది. గాజు తలుపు ముందే నిలబడి ఉండేవాడు కానీ భుజాల మీద ఒక్క మాటా లేదు. సుద్ద ముక్క గుడ్డ మీద ఆనించి అలాగే ఉండిపోయేవాడు, గీత ముందుకి కదిలేది కాదు. దిగులుకి తోడు దడ. పొద్దున కళ్లు తెరిచీ తెరవకముందే గుండెల్లో మిషను మొదలయ్యేది. గాజు తలుపు తెరుచుకుంటే చాలు, వచ్చింది పాత గిరాకీయే అయినా చెమటలు పట్టేవి.

"మీకేం తక్కువ మాస్టారూ? మనసు గట్టి చేసుకోండి" అని ఒకాయన సలహా ఇచ్చాడు. మనసేమన్నా కాలరా, లోపల గట్టిగుడ్డ పెట్టి నిలబెట్టడానికి? రేడియో అయితే, "నాలుగు రోజులు ఎటైనా తిరిగొస్తే అదే పోతుంది బావా" అన్నాడు. వెళ్లొచ్చారు. పోలేదు. వెంట వెళ్లింది, వెంటే తిరిగొచ్చింది.

ఇక ఆవిడ ఊరుకోలేదు. షాపుకి తాళం వేసి మొగుణ్ణి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. చిన్న గది, రెండు కుర్చీలు, కిటికీకి పల్చని తెర. డాక్టరమ్మ వయసులో చిన్నదే. తొందరపడకుండా అడిగింది, తొందరపెట్టకుండా వింది. విన్నాక రెండు రకాల మాత్రలు రాసింది.

"ఈ తెల్లమాత్ర మీ దిగులుకి. రోజూ వేసుకోవాలి. గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో నోరు ఎండుతుంది, కడుపులో తిప్పుతుంది, కంగారు కాస్త పెరిగినట్టు కూడా ఉండొచ్చు. పనిచేయట్లేదని మానేయొద్దు. ఈ చిన్నమాత్ర కంగారుకి. ఇది వెంటనే పనిచేస్తుంది. తెల్లది అందుకునేదాకా మిమ్మల్ని నిలబెడుతుంది, అంతే. దిగులుకి ఇది మందు కాదు. ఎక్కువకాలం వాడితే ఒంటికి అలవాటవుతుంది, దిగులు ఇంకా పెరగనూవచ్చు. మీ అంతట మీరు పెంచొద్దు, ఒక్కసారిగా ఆపొద్దు. దీనిమీద మద్యం ముట్టుకోవద్దు. మత్తుగా ఉన్నప్పుడు కత్తెర పట్టొద్దు."

మాస్టరు బుద్ధిగా తలూపాడు. బయటికొచ్చాక భార్యతో, "ఆ అమ్మాయికి ఎడమభుజం దిగిందే. బరువు సంచి మోస్తుందల్లే ఉంది" అన్నాడు. చాలా రోజుల తరవాత ఆయన నోట భుజం మాట వచ్చినందుకు ఆవిడ అక్కడే దారిలో నిలబడిపోయి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

చిన్నమాత్ర మాట నిలబెట్టుకుంది. అది నిజం, కాదంటే కళ్లు పోతాయి. మొదటిసారి వేసుకున్న రోజు మాస్టరు భోజనం మధ్యలో లేచిపోకుండా పూర్తిగా తిన్నాడు. నిద్రపోయాడు. పొద్దున తలుపు తెరుచుకుంటే ఉలిక్కిపడలేదు. ఆ మాత్రే లేకపోతే ఆ మొదటి వారాలు ఎలా గడిచేవో, అసలు గడిచేవో లేదో ఎవరికి తెలుసు?

తెల్లమాత్ర మాత్రం డాక్టరమ్మ చెప్పినట్టే నోరు ఎండబెట్టింది, కడుపులో తిప్పింది, ఇంకేమీ చేయలేదు. అప్పుడు మాస్టరులోని కటింగ్ మాస్టరు నిద్ర లేచాడు. ఒకటి ఒంటికి అతికినట్టు సరిపోయింది, ఇంకోటి బిగుతు. బిగుతైన దాన్ని ఎవరైనా తొడుక్కుంటారా? డాక్టరమ్మ అందరికీ రాసే కొలతే తనకీ రాసి ఉంటుంది, కాస్త సరిచేసుకుంటే తప్పేమిటి? భార్య నీళ్లగ్లాసుతో నిలబడి చూస్తుంటే తెల్లమాత్ర నాలుక కింద పెట్టుకుని, ఆవిడ అటు తిరగ్గానే తీసి విరిగిన బొత్తాల డబ్బాలో పడేసేవాడు. చిన్నమాత్ర కొన్నాళ్లకి పలచబడినట్టనిపిస్తే సగం కలిపాడు. ఆ సగమూ చాలకపోతే ఇంకోటి కలిపాడు. మందుల షాపువాడి పెళ్లికోటు కుట్టింది మాస్టరే. ఆ మొహమాటంతో వాడు చీటీ అడగలేదు.

చూసేవాళ్లకి మాస్టరు బాగుపడ్డట్టే ఉండేది. దడ లేదు, చెమట లేదు, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు. వాపు చూసి బలుపనుకున్నారు. లోపల దిగులు ఎక్కడికీ పోలేదు. దానిమీద దుప్పటి కప్పారు, అంతే. దుప్పటి కింద అది ఇంకా పెరిగింది. కోసిన గుడ్డ ఎవరిదో మరిచిపోయేవాడు. మధ్యాహ్నం బల్లకి ఆనుకుని కునుకు తీసేవాడు. "బావ విశ్రాంతి తీసుకుంటున్నాడు, మంచిదే" అని రేడియో గొంతు తగ్గించి మరీ మాట్లాడేవాడు.

అలాంటి ఒక మధ్యాహ్నం మాస్టరు పై అరలోంచి నీలం గుడ్డ దించాడు. ఆవిడ చూసింది. ఏమీ అనలేదు. అంటే మళ్లీ పైన పెట్టేస్తాడేమోనని కాజా కుడుతూ కూర్చుంది.

గుడ్డ కాస్త తక్కువ పడింది. అందుకని మడత వేయకుండా ఒక్కో భాగం విడివిడిగా కోశాడు. అలా కోసేటప్పుడు నమూనా కాగితాన్ని రెండోసారి తిరగేసి పెట్టాలి, లేకపోతే రెండు ముక్కలూ ఒకే పక్కవి అవుతాయి. పనిలో చేరినవాళ్లకి మొదట నేర్పే పాఠం అది. ఎంతమందికి నేర్పాడో ఆయనకే లెక్కలేదు. ఆ రోజు ఆయనే తిరగేయలేదు.

రేడియో ముక్కల్ని మిషను మీద జతచేయబోయి ఫక్కున నవ్వాడు. "బావా, మా అక్కకి రెండూ ఎడమవైపులే ఉన్నాయా ఏంటి?" నవ్వి, బావ మొహం చూసి, నవ్వు మింగేశాడు. ఒకవైపు నునుపు, ఒకవైపు నూగు ఉన్న గుడ్డ. తిప్పి వాడటానికి లేదు. రెండు ముందు భాగాలూ ఎడమవే.

మాస్టరు కత్తెర బల్లమీద పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. "నేను లేకపోయినా ఈ షాపు నడుస్తుంది. నన్నొక పక్కన పెట్టేయండి" అన్నాడు. కోపం లేదు, ఏడుపు లేదు, గిరాకీకి బాకీ చెప్పినట్టు చెప్పాడు. భార్య చేతిలోని సూది ఆగిపోయింది. పాడైపోయిన కోటు ఆవిడకి ఆ క్షణానే మనసులోంచి పోయింది. ఆ మాట మాత్రం పోలేదు.

ఆ సాయంత్రం సరిపోయే బొత్తం కోసం వెతుకుతూ ఆవిడ విరిగిన బొత్తాల డబ్బా తిరగేసింది. బొత్తాలతోపాటు తెల్లమాత్రలు గలగలా రాలాయి. రేడియోకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అతని కోపం పడాల్సిన చోట కాక పక్కచోట పడింది. "ఇదంతా ఆ చిన్నమాత్రల పనేనక్కా! పగలంతా ఆ మత్తులోనే కదా బావ జోగుతున్నాడు!" అని ఇంట్లో ఉన్న చిన్నమాత్రలన్నీ పోగుచేసి మురుక్కాలవలో పోసేశాడు. మందుల షాపుకి వెళ్లి, ఇంకోసారి ఇస్తే ఊరుకోనని గొడవపడి మరీ వచ్చాడు. మంచిపని చేశానన్న తృప్తితో హాయిగా నిద్రపోయాడు.

రెండు రోజులు గడిచేసరికి మాస్టరు చేతులు వణకడం మొదలుపెట్టాయి. చెమటలు పోశాయి. దీపం వెలుగు కళ్లలో గుచ్చుకుంది. సూది కింద పడ్డ చప్పుడుకి చెవులు మూసుకున్నాడు. పాత దడ ఏ మూలకీ చాలదు, అంతకు పదిరెట్ల భయం, దేనికో తెలియని భయం. "గోడలు దగ్గరికొస్తున్నాయే" అని భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ చేతిమీద గోళ్ల గాట్లు పడ్డాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు.

ఆస్పత్రిలో కొద్దిరోజులు ఉంచారు. చిన్నమాత్ర మళ్లీ మొదలుపెట్టి వణుకు తగ్గించారు. మాస్టరు కుదుటపడ్డాక డాక్టరమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. బొత్తాల డబ్బా సంగతి, మురుక్కాలవ సంగతి అన్నీ వింది. రేడియో తలుపు దగ్గర తలవంచుకుని నిలబడ్డాడు.

"మీరు ప్రేమకొద్దీ చేశారు. కానీ అంత మోతాదుని అలా ఒక్కరోజులో ఆపితే ఫిట్సు కూడా రావచ్చు. ప్రాణం మీదికి వచ్చేది" అని అతనితో మెల్లగా చెప్పింది. తరవాత మాస్టరువైపు తిరిగి సూటిగా అడిగింది. "చచ్చిపోవాలని అనిపిస్తోందా మాస్టారూ?"

అలా అడగొచ్చని ఆ గదిలో ఇంకెవరికీ తోచలేదు. మాస్టరు చాలాసేపు దుప్పటి అంచు కుట్టుని వేలితో తడిమాడు.

"చావాలని లేదండీ. పొద్దున లేవకుండా ఉంటే బాగుండునని ఉంది. చాలాకాలంగా."

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ మాత్రం బెదరలేదు. "చెప్పారు, మంచిపని చేశారు. ఇక అది మీ ఒక్కరి బరువు కాదు" అంది. తెల్లమాత్ర ఎందుకు అవసరమో మళ్లీ మొదటినుంచీ చెప్పింది. చిన్నమాత్రని కొద్దికొద్దిగా, నెలల తరబడి తగ్గించుకుంటూ వెళ్లాలంది.

అప్పుడు భార్య అడిగింది. "అంటే కచ్చా కుట్టు లాంటిదా డాక్టరుగారూ? అసలు కుట్టు పడేదాకా పట్టి ఉంచి, తరవాత తీసేస్తాం, అలాగా?"

"అలాగే. కానీ ఆ దారం మీరు ఒక్కసారిగా లాగేస్తారా?"

"అయ్యో, లాగితే గుడ్డ పాడైపోదూ! అక్కడక్కడ తుంచి ముక్కముక్కగా తీయాలి."

"ఇదీ అంతేనమ్మా" అని నవ్వింది డాక్టరమ్మ. మాస్టరు కళ్లు మూసుకుని ఉన్నాడు కానీ వింటున్నాడు. అసలు కుట్టు వేయకుండా కచ్చా కుట్టుతోనే కోటు గిరాకీకి ఇచ్చేసిన దర్జీని తను కొట్టులోకి రానిచ్చేవాడా? తన ఒంటికి తనే ఆ పని చేసుకున్నాడు. ఆ సిగ్గుతో కంటి చివర్లోంచి నీళ్లు చెవిలోకి కారాయి.

వెళ్లేముందు డాక్టరమ్మ ఆవిడని పక్కకి పిలిచి, మాత్రలేవీ కొన్నాళ్లు ఆయన చేతికి అందకూడదని, ఏ రోజువి ఆ రోజు ఆవిడే ఇవ్వాలని చెప్పింది. ఇంటికి రాగానే ఆవిడ పాడైన నీలం గుడ్డలోంచి ఒక ముక్క కోసి సంచి కుట్టింది. చిన్నమాత్రల్ని అందులో పెట్టి నడుముకి కట్టుకుంది. తెల్లవి బీరువాలో పెట్టి తాళం వేసింది. వీధికి కనపడిన సంచి అదే.

ఆ నెలలు ఎలా గడిచాయో ఆ ఇద్దరికే తెలియాలి. పదిమందికి పని చెప్పే మనిషి, భోజనమయ్యాక పెళ్లాం ముందు అరచెయ్యి చాపి నిలబడాలి. ఆవిడ సంచి మూతి విప్పి, డాక్టరమ్మ చెప్పినంత తుంచి, ఆ చేతిలో పెట్టి, నోరు తెరిపించి చూసేది. మొదట్లో ఆయన మొహం గంటుపెట్టుకునేవాడు. "నేనేమన్నా పసివాణ్ణా?" అని ఒకరోజు కసిరాడు. "పసివాడైతే వీపుమీద ఒక్కటిచ్చి ఊరుకోబెట్టేదాన్ని" అంది ఆవిడ. మోతాదు తగ్గించిన ప్రతిసారీ కొన్నాళ్లు చేతులు సన్నగా వణికేవి, చిరాకు ముంచుకొచ్చేది. ఒకసారి తట్టుకోలేక ఇంకొంచెం ఇమ్మని బతిమాలాడు. ఆవిడ ఇవ్వలేదు. ఆయన పక్కన కూర్చుని రెండు చేతులూ తన ఒడిలో పెట్టుకుంది, వణుకు తగ్గేదాకా కదల్లేదు. తగ్గించడం మరీ కష్టమైన వారాల్లో డాక్టరమ్మని అడిగి, ఉన్నచోటే కొన్నాళ్లు ఆగారు.

తెల్లమాత్ర ఈ మధ్యలో ఎప్పుడు పని మొదలుపెట్టిందో ఎవరూ చూడలేదు. దానికి డప్పు కొట్టుకోవడం తెలియదు. ఒకనాడు మిషన్లు ఆడుతుండగా గాజు తలుపు దగ్గరనుంచి మాట వినపడింది.

"ఛీ ఛీ, అది కాలరా, కుక్క మెడకి కట్టే పట్టీయా!"

రేడియో మిషను ఆపేశాడు. అక్కా తమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వీధిలో ఎవరో పాపం రెడీమేడ్ కోటు తొడుక్కుని తన దారిన తను పోతున్నాడు. తన కాలర్ ఒక ఇంట్లో దీపం పెట్టిందని ఆయనకేం తెలుసు! రేడియో ఆ పూట మాట్లాడనే లేదు.

చిన్నమాత్ర సగమై, పావై, రోజు విడిచి రోజై, చివరికి ఆగిపోయింది. తెల్లది ఉంది. "ఇంకా ఎన్నాళ్లండీ?" అని మాస్టరు అడిగితే, "అది అసలు కుట్టు మాస్టారూ. కొన్నాళ్లు కదపొద్దు. తీయాల్సినప్పుడు ఇద్దరం కలిసి ఆలోచిద్దాం" అంది డాక్టరమ్మ. మాస్టరు ఒప్పుకున్నాడు. సొంత కొలత వేయలేదు. బీరువా తాళం కూడా ఆవిడ తీసేసింది.

కానీ నడుముకి ఆ నీలం సంచి అలాగే ఉంది.

ఆ సంగతి మాస్టరుకి ముల్లులా గుచ్చుకునేది. తను కాసేపు మేడపైకి వెళ్తే ఆవిడ చెయ్యి సంచి మీదికి పోయేది. పరదా వెనక ఎక్కువసేపు ఉంటే కాజా ఆగిపోయేది. ఆపదకి ఉంటాయని కొన్ని మాత్రలు అందులో దాచి ఉంటుంది. అంటే తన మీద ఇంకా నమ్మకం రాలేదు. ఎలా వస్తుంది? నన్నొక పక్కన పెట్టేయండి అన్నది తనే కదా. అడిగి సంచి విప్పించుకుంటే దక్కే నమ్మకం కాదది. అందుకని అడగలేదు. పై అరలోంచి పాడైన నీలం ముక్కల్ని దించాడు.

"ఇలా రావే, కొలత తీయాలి" అన్నాడు.

పాత కొలత కంటికి తెలుసు. కానీ టేపు చుడితే వేరే మనిషి తగిలింది. నడుము సన్నబడింది. ఎడమభుజం దిగిపోయింది, అస్తమానం ఆ పక్కకే ఒరిగి సంచిని కాచుకోవడంవల్ల. తన జబ్బు ఆవిడ ఒంటిమీద కూడా పడిందని మాస్టరుకి అప్పుడు తెలిసింది. టేపు పట్టుకునే ఏడ్చేశాడు. "ఏడిస్తే ఏడిచారు కానీ, ముందు కొలత సరిగ్గా చూడండి. మళ్లీ రెండూ ఎడమవి చేస్తారు" అంది ఆవిడ, తన కళ్లు తుడుచుకుంటూ.

కుడివైపు ముందుభాగానికి గుడ్డ చాలదు. కోటు పొడవు తగ్గించి, మిగిలిన ముక్కలు అతికి, కుడివైపు పుట్టించాడు. అతుకు కనపడుతుంది, దాచడానికి వీల్లేదు. అందుకని ఏ లోపమూ లేని ఎడమవైపుని కూడా సరిగ్గా అక్కడే కోసి, అదే అతుకు వేశాడు. ఒకవైపుది తప్పనిసరి అతుకు, రెండోవైపుది దానికి తోడు. చూసినవాళ్లకి అదొక అందంగా కనిపించింది. కాజాలు ఆవిడే కుట్టుకుంది. తన కోటుకి ఇంకొకరు కాజా వేస్తే ఒప్పుకుంటుందా?

తొడిగి చూసే రోజు నిలువుటద్దం ముందు పరదా పక్కకి లాగారు. మాస్టరు మిగిలిన తెల్లదారాల్ని తుంచి ముక్కముక్కగా తీశాడు. చెయ్యి వణకలేదు. ఆవిడ అద్దంలో ఆ చేతినే చూస్తోంది తప్ప కోటుని చూడలేదు. తరవాత లోపలివైపు తడిమి, అస్తరులో ఒక చిన్న జేబుని పట్టుకుంది.

"ఇదేంటి? ఆడవాళ్ల కోటుకి ఇక్కడ జేబు పెట్టరుగా మీరు?"

"నీ నడుము సంచికే. కొలిచి పెట్టాను, సరిగ్గా పడుతుంది. బయట వేలాడుతుంటే వీధి వీధంతా ఆరా తీస్తోంది. లోపలుంటే నీకూ సుఖం. ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు దాచుకో. నేనేమీ అనుకోను."

అనుకోకపోవడం అబద్ధం. గొంతులోనే తెలిసిపోతోంది. ఆవిడ నడుము దగ్గర ముడి విప్పి సంచి ఆయన చేతిలో పెట్టింది. బరువు లేదు. మూతి విప్పి అరచేతిలో బోర్లించాడు. ఏమీ రాలలేదు. వేలు పెట్టి చూశాడు. ఖాళీ.

"మిగిలినవన్నీ డాక్టరమ్మకి ఎప్పుడో ఇచ్చేశాను. మీరు ఆఖరిది వేసుకున్న మర్నాడే" అంది.

"మరి... ఇన్నాళ్లూ ఎందుకు కట్టుకున్నావే?"

"ఏమో. ఒకరోజు కట్టుకోకుండా ఉండి చూశాను. చెయ్యి ఊరికే అక్కడికి పోవడం, ఏమీ తగలకపోవడం, గుండె దడదడలాడటం. మళ్లీ కట్టేసుకున్నాను. మీమీద నమ్మకం లేక కాదండీ. నాకూ అలవాటైపోయింది."

ఇస్త్రీ బల్ల దగ్గరనుంచి రేడియో ఉండబట్టలేక, "ఖాళీ సంచికి అంత కథేంటక్కా, ఇలా ఇవ్వు, బయట పారేసొస్తా" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకో! ఇదివరకు పారేసినవి చాలు" అని మాస్టరు కత్తెర చూపించాడు. తరవాత భార్యవైపు తిరిగి, తెలిసిన పనివాడు చెప్పినట్టు చెప్పాడు. "ఒకేసారి వద్దే. పగటిపూట నా దగ్గర ఉంచు, సాయంత్రం ఇస్తాను, కట్టుకో. కొన్నాళ్లు అలా చూద్దాం. మరీ కష్టంగా ఉంటే ఉన్నచోటే ఆగుదాం."

సంచి తన చొక్కాజేబులో పెట్టుకుని బల్ల దగ్గరికి వెళ్లి సుద్ద తీసుకున్నాడు. ఆవిడ కోటు విప్పకుండానే కాజాల ముందు కూర్చుంది. ఎడమచెయ్యి ఒకటి రెండుసార్లు నడుము దగ్గరికి పోయి, ఏమీ దొరక్క వెనక్కి వచ్చింది. మాస్టరు చూశాడు, చూడనట్టు గీత గీసుకున్నాడు.

సాయంత్రం షాపు కట్టేసే వేళకి ఆవిడ లేచి వచ్చి, ఆయన ముందు అరచెయ్యి చాపి నిలబడింది.